కాఫీ బల్లల పక్కన డీజిల్ బండి

మా తమ్ముడి బండిని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. టూరిస్టులని తిప్పే తెల్లటి డీజిల్ కారు, అద్దం దగ్గర అమ్మవారి బొమ్మ, సీట్లకి పువ్వుల గుడ్డలు. పైకి చూస్తే పెళ్ళికొడుకే. ఓసారి వెనక గొట్టం దగ్గరికి వెళ్ళి చూడమనండి. అక్కడ పేరుకున్న మసిని వేలితో తీస్తే ఆముదం కలిపిన కాటుకలా అంటుకుంటుంది, సబ్బు పెట్టి రుద్దినా పోదు. వాడు రోజూ బండి కడుగుతాడు గాని ఆ గొట్టం వైపు తిరిగి కూడా చూడడు. పైన పటారం, లోన లొటారం.

అరకు దగ్గర మా ఊళ్ళో నాదీ వాడిదీ ఒకటే వాకిలి. ఇటు నా ఇల్లు, అటు వాడి ఇల్లు, మధ్యన చదునైన జాగా. ఊరంతా ఏటవాలే కనక ఎండ సరిగ్గా తగిలే జాగా మాకు అదొక్కటే. పోయిన చలికాలం అక్కడే కర్రబల్లలు కట్టి, వల పరిచి, కాఫీ గింజలు ఆరబెట్టాను. అంతకు ముందు కాఫీ పళ్ళు కోసినవి కోసినట్టే అమ్మేసేదాన్ని. నా పంట ఎవరి పంటలో కలిసిపోయేదో దేవుడికెరుక. ఆ ఏడు మా కొండ ఆడవాళ్ళం కొందరం తోలు తీసి, కడిగి, ఆరబెట్టి ఇస్తామన్నాం. కాఫీ కొనే మనిషి ఒకాయన వచ్చి, ఎవరి గింజలు వాళ్ళవిగా రుచి చూస్తానన్నాడు. నచ్చితే మా పేరుతోనే తీసుకుంటారు, ఏటేటా తీసుకుంటారు. నచ్చకపోతే మళ్ళీ పళ్ళబుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడవడమే. నా గింజ నెగ్గాలని నాకు ఎంత ఆశగా ఉండేదంటే, చెప్పుకోవడానికి సిగ్గెందుకు, పెళ్ళప్పుడు కూడా అంత ఆశపడలేదు.

ఆయన ముందే హెచ్చరించాడు. కాఫీ గింజ పక్కన ఏముంటే ఆ వాసన పీల్చేస్తుందట. ఉల్లిపాయల గంపని కూడా దగ్గర పెట్టొద్దన్నాడు. నేను ఉల్లిపాయలు వంటింట్లోకి మార్చాను. బండిని మార్చడం నా చేతిలో లేదు.

మా తమ్ముడు చలికాలం తెల్లారుతూనే బండి స్టార్టు చేసి వదిలేస్తాడు. వదిలేసి పళ్ళు తోముకుంటాడు, అంబలి తాగుతాడు, ఫోను చూసుకుంటాడు. మా వైపు డ్రైవర్లందరిదీ ఇదే తంతు. టూరిస్టులు ఎక్కేసరికి లోపల వెచ్చగా ఉండాలట. ఊళ్ళో మగవాళ్ళు ఆ బండి చుట్టూ చేరి, బానెట్ మీద చేతులు పెట్టి చలి కాచుకుంటారు. నెగడుకి నాలుగు పుల్లలు ఏరుకురావడం వీళ్ళకి నామోషీ అయిపోయింది. అక్కడే దగ్గు, అక్కడే చుట్ట, అక్కడే ఉమ్ము. మంచు కురిసే రోజుల్లో పొగ పైకి లేవదు. నేల పట్టుకుని పాకుతూ నా బల్లల కిందికి వస్తుంది. పరదా కప్పితే గింజకి చెమట పట్టి బూజు వస్తుంది, తీస్తే పొగ.

"ఒరే, ఆ బండి తీసుకెళ్ళి రోడ్డు మీద ఆడించుకోరా. నా గింజలు పాడైపోతన్నాయి" అన్నాను.

"రోడ్డు మీద పెడితే ఎవుడో ఒకడు గీకేత్తాడప్పా. ఇంజిన్ బాగా కాగితేనే గాని గాటీ రోడ్డెక్కదు. నీకు తెల్దులే, ఊరుకో" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

వాడికి తెలిసిందేమిటో అనంతగిరి మలుపుల్లో బయటపడింది. బల్లలకి ఇంకో వల కొనడానికి వాడి బండిలో కొండ కింద ఎస్.కోట వెళ్ళి తిరిగి వస్తున్నాను. కొండ ఎక్కేటప్పుడు వాడు గేరు దించడు. టాప్ గేరులోనే బండిని మూలిగిస్తూ ఈడుస్తాడు, డీజిల్ మిగులుతుందట. ఆ రోజు బండి నల్లటి పొగ కక్కుతూ కక్కుతూ ఒక మలుపులో ఇక నావల్ల కాదంది. వెనక స్కూటరు మీద వచ్చే మొగుడూ పెళ్ళాం ముక్కులు మూసుకుని మమ్మల్ని తిట్టిపోశారు. ఏం చేస్తాం, బండి తిప్పుకుని ఎస్.కోట మెకానిక్కు దగ్గరికే దిగాం.

అతను ఇంజనులోకి గాలి వెళ్ళే గొట్టం విప్పాడు. రెండు వేళ్ళు దూరాల్సిన కన్నంలో చిటికెన వేలు కూడా పట్టడం లేదు. చుట్టూ నల్లటి ముద్ద, తడితడిగా. స్క్రూడ్రైవరుతో గీకుతుంటే చచ్చిన జలగల్లా కాగితం మీద పడింది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏటి బాబూ, బండి నిలబెట్టి ఆడిత్తన్నావా? అలగ ఆడిత్తే ఇంజిన్ సరిగ్గా కాగదు. డీజిల్ సగం సగం కాలి మసయిపోద్ది. ఆ పొగలో కొంత మల్లీ లోపలికే పోయి, ఆయిల్ ఆవిరితో కలిసి ఇలగ ముద్ద కడతాది. స్టార్ట్ సేసి ఓ నిమిషం ఆగి బేగి బయల్దేరిపో. కొండెక్కేటప్పుడు గేరు దించి ఇంజిన్ని గట్టిగా తిరగనీ. ఆయిలు, ఫిల్టరు టయానికి మార్సు" అన్నాడు మెకానిక్కు. అని, ఆ మసి చేత్తోనే బజ్జీ అందుకుని తిన్నాడు.

మా తమ్ముడు బుద్ధిమంతుడిలా తలూపాడు. వారం తిరక్కుండానే వాకిట్లో మళ్ళీ అదే మోత, అదే కంపు.

"మెకానిక్ ఏటి సెప్పాడ్రా నీకు?" అని అరిచాను.

"ఆడు ఎస్.కోటోడు. మన కొండల సలి ఆడికేటి తెలుసప్పా?"

రుచి చూసే రోజు పక్క ఊరి షెడ్డులో కలిశాం. నన్ను తీసుకెళ్ళింది కూడా వాడే, ఆ బండిలోనే. మా అందరి గింజలూ వేయించి, పొడి చేసి, గిన్నెల్లో వేడినీళ్ళు పోసి వరసగా పెట్టారు. ఆయన చెంచాతో జుర్రుమని పీల్చి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేశాడు. మొదటి గిన్నెకే ఉమ్మేసరికి మా గుండెలు జారిపోయాయి. బాగున్నా ఉమ్మేయడమే ఆ పనిలో పద్ధతి అని తరవాత చెప్పారు. నా గిన్నె దగ్గరికి వచ్చాక ఆయన ఉమ్మి ఊరుకోలేదు, నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించాడు. ఇంకెవరి గిన్నెకీ పుక్కిలించలేదు.

"గింజ మంచిదమ్మా. కడగడం కూడా శుభ్రంగా కడిగారు. కానీ పొగ పట్టేసింది, తీసుకోలేను. ఆరబెట్టే చోట బండి గాని ఉంటుందా?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు మా తమ్ముడు అందుకున్నాడు. "బండి పొగ కాదు సారూ. మా అప్ప కట్టెల పొయ్యి మీద వండుతాది. ఆ పొగే అయ్యుంటాది."

నా పొయ్యి ఇంటి వెనక ఉంది. అందరూ మాత్రం నా వైపే చూశారు, ఇంత అశుభ్రం మనిషా అన్నట్టు. తోడబుట్టిన అక్క పంట పాడు చేసి, నలుగురిలో ఆ తప్పు అక్క నెత్తినే రుద్దే వాడిని చూస్తే అసహ్యం పుట్టింది. మొహం మీద ఉమ్మేద్దామనిపించింది. ఉమ్మే డబ్బా కూడా పక్కనే ఉంది.

"నీకు ముక్కుందా, ఊడిపోయిందా? తాగి సెప్పు" అని నా గిన్నె తీసి వాడి చేతిలో పెట్టాను.

తాగాడు. ఇంకో గుక్క తాగాడు. "బాగానే ఉందప్పా. ఏ వాసనా లేదు, అమ్మతోడు."

సిగ్గులేకుండా అబద్ధమాడుతున్నాడనుకుని గిన్నె లాక్కున్నాను. ఓ గుక్క తాగి నాలుక మీద తిప్పాను. గిన్నెని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. పక్క ఊరి ఆవిడ నా భుజం మీంచి వంగి వాసన చూసి, వెంటనే మొహం తిప్పుకుంది. మళ్ళీ పీల్చాను. నాకు అది రోజూ మా ఇంట్లో తాగే కాఫీలాగే ఉంది.