ఎదురు గీత

ఆపరేషన్ల వార్డులో ఆయన్ను అందరూ బ్లేడు బాబాయ్ అనేవారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఆయనకే గుర్తులేదు. పెద్ద డాక్టరు కూడా వార్డు చూడటానికి వచ్చినప్పుడు, "రేపటివాళ్ళకి బ్లేడు బాబాయ్ వచ్చి వెళ్ళాడా?" అని నర్సులను అడిగేవాడు. మరునాడు కోత పడబోయే చోట రోగి ఒంటి మీద వెంట్రుక లేకుండా గీయడం ఆయన ఉద్యోగం. పొట్ట, ఛాతీ, మోకాలు, తల, ఎక్కడ చెబితే అక్కడ. సాయంత్రమయ్యేసరికి వేడినీళ్ళ గిన్నె, సబ్బు, బ్రష్షు, రెండంచుల బ్లేడు బిగించే ఇనుప రేజరు ట్రేలో సర్దుకుని మంచాల మధ్యకు వచ్చేవాడు. మనిషికో కొత్త బ్లేడు. రేజరును మరిగే నీళ్ళలో వేసి తీసిన తర్వాతే పక్క మంచం దగ్గరకు కదిలేవాడు.

ఆయన చెయ్యి తేలిక. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని సాగదీసి పట్టి, కుడిచేత్తో రేజరును ఊరికే జారనిచ్చేవాడు. నొక్కేవాడు కాదు. పక్కటెముకల మీదా, మోకాటిచిప్ప మీదా గీయడం ఎంత చిక్కో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. అక్కడ కూడా ఆయన చేతిలో నెత్తురు చుక్క కనిపించేది కాదు.

పనిలో సగం మాటలే. ట్రేతో ఆయన రావడం చూడగానే, ఇక రేపు తప్పదని రోగికి అర్థమైపోయేది. అంతవరకు ధైర్యంగా ఉన్నవాళ్ళు కూడా జంకేవారు. ఒకసారి బస్సు డ్రైవరొకడు చొక్కా విప్పనని భీష్మించుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, నిజం చెప్పండి. మీరు గీసినవాళ్ళంతా ఇంటికెళ్ళారా?"

"ఇంటికెళ్ళడమేంటి, వెంట్రుకలు మొలిచేటప్పుడు దురదపెడుతోందని నన్ను తిట్టడానికి మళ్ళీ వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నువ్వూ వచ్చి తిట్టు. ముందు చొక్కా విప్పు."

డ్రైవరు నవ్వి చొక్కా విప్పాడు.

ఇంట్లో ఆయన సొంత గడ్డం సంగతి వేరే. వంటగది కిటికీ పక్కన మేకుకు చిన్న అద్దం వేలాడేది. పొయ్యి మీద నీళ్ళు కాగగానే కప్పులో సబ్బు నురగ తీసి, ముఖమంతా పట్టించి, మూడు విడతలుగా గీసుకునేవాడు. మొదట పైనుంచి కిందికి, తర్వాత అడ్డంగా, చివర కిందినుంచి పైకి. ఆ చివరిదాన్ని ఎదురు గీత అనేవాడు. అది పడితేగాని ఆయన లెక్కలో గడ్డం గీసుకున్నట్టు కాదు. అయ్యాక చేతి వెనకవైపుతో చెంప నిమురుకుని, ఎక్కడైనా గరుకు తగిలితే మళ్ళీ నురగ పెట్టేవాడు. ఆయన భార్య ఆ పక్కనే టీ కాస్తూ, "ముఖం అరిగిపోతుందండీ, ఇక చాలు" అనేది.

నిజానికి ఆయన తండ్రికి ఈ రేజరు గిట్టేది కాదు. ఆ పెద్దాయన జీవితాంతం వీధి చివరి క్షవరశాలలో కుర్చీలో వెనక్కి వాలి గడ్డం గీయించుకున్న మనిషి. కొడుకు సొంత రేజరు కొనుక్కున్న రోజున, "ఇంట్లో కూర్చుని గీసుకుంటే నలుగురి కబుర్లు ఎలా తెలుస్తాయిరా నీకు?" అని పెదవి విరిచాడు. ఆయన ఆ మాటను పట్టించుకోలేదు. తన కొడుక్కి మీసాలు వచ్చేనాటికి, ఈ రేజరు తప్ప మరో దారి ఉందన్న సంగతే మరిచిపోయాడు.

కొడుకు వెంట్రుక ఉంగరాలు తిరిగేది. తలమీదా అంతే, గడ్డమూ అంతే. ఆయన పక్కన నిలబడి మూడు విడతలూ నేర్పించాడు. ఎదురు గీత దగ్గర కొడుకు వెనకాడితే, "భయపడితేనే తెగుతుంది" అని చెయ్యి పట్టుకుని తానే గీయించాడు. కొన్నాళ్ళకే కొడుకు మెడంతా ఎర్రటి పొక్కులు లేచాయి. కొన్నిటికి చీము పట్టింది. ఆయన చూసి, చెయ్యి కుదరలేదని తేల్చేశాడు.

"నాన్నా, మండుతోంది. రెండ్రోజులు ఆపుతాను."

"వార్డులో చంటిపిల్లల తలలు గీస్తున్నాను. ఒక్కరికీ పొక్కులు రాలేదు. నీకే ఎందుకొస్తాయి? నొక్కుతున్నావు, అందుకే."

"నొక్కడం లేదు."

"నొక్కకపోతే రావు."

ఆ రోజుల్లోనే కొడుక్కి పెద్ద బట్టల దుకాణంలో కౌంటరు దగ్గర పని దొరికింది. అక్కడ గడ్డం నున్నగా ఉండాలి. కొడుకు పంటి బిగువున రోజూ గీసుకున్నాడు. మెడ మీద పొక్కులు చితికి కాలరుకు మరకలు పడేవి. చీర చూపించమన్న ఒకావిడ అతని మెడ చూసి, వేరే ఎవరినైనా పిలవమంది. ఆ సాయంత్రమే అతను పని మానేసి వచ్చాడు. ఆయన ఇంటికి రాగానే సంగతి విని ఇంతెత్తున లేచాడు. గడ్డం గీసుకోవడం చేతకాక ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానన్నాడు.  కొడుకు తర్వాత ఒక అచ్చాఫీసులో చేరాడు. యంత్రాల దగ్గర ఎవరి ముఖం ఎవరూ చూడరు. అతను గడ్డం వదిలేశాడు. పెళ్ళి నాటికి అది ఒత్తుగా పెరిగింది. కత్తిరించుకునేవాడేగాని బ్లేడు తగలనివ్వలేదు.

అప్పటినుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలు ముక్తసరిగా నడిచాయి. గొడవలేం లేవు. అన్నం దగ్గర పక్కపక్కనే కూర్చునేవారు. కాని ఎవరైనా చుట్టాలు వచ్చి, "ఏంట్రా ఈ గడ్డం?" అని అడిగితే, ఆయన లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేవాడు.

ఆయన ఉద్యోగం చివరి సంవత్సరాల్లో వార్డుకు కొత్త సిస్టర్ వచ్చింది. పుండ్లకు చీము పట్టకుండా చూడటం ఆవిడ బాధ్యత. వచ్చిన కొన్నాళ్ళకే ఒక కాగితం అంటించింది. ఇకనుంచి ఆపరేషనుకు ముందు బ్లేడుతో గీయకూడదు. వెంట్రుకలు అడ్డమైతేనే మిషనుతో కత్తిరించాలి, అది కూడా ఆపరేషను రోజు పొద్దున్నే. ఆయన ఆ కాగితం చదివి, ట్రే అలాగే పట్టుకుని ఆవిడ గదికి వెళ్ళాడు.

"సిస్టర్ గారూ, నా చేతిలో ఎవరికైనా గాటు పడిందని ఫిర్యాదు వచ్చిందా?"

"లేదు బాబాయ్. మీ చెయ్యి మంచిదని అందరూ చెప్పారు."

"మరి ఈ కాగితం దేనికి?"

"ఎంత మంచి చెయ్యైనా బ్లేడు పైచర్మాన్ని గీరుతుంది. కంటికి కనిపించదు. సాయంత్రం గీస్తే తెల్లారేలోపు ఆ గీతల్లో క్రిములు చేరతాయి. ఆ పైన కోత పెడితే కుట్ల దగ్గర చీము పడుతుంది. అందరికీ పడదు. కొందరికి పడుతుంది."

ఆయన ట్రే బల్ల మీద పెట్టి చొక్కా చెయ్యి మడిచాడు. "నా చేతి మీదే గీస్తాను. మీరే చూడండి" అన్నాడు.

ఆవిడ వారించలేదు. ఆయన కొత్త బ్లేడు బిగించి, నురగ పెట్టి, ఎడమ ముంజేతి మీద అరచేతి మేర గీశాడు. పెద్ద డాక్టరు బావమరిదే రోగిగా వచ్చినా అంత జాగ్రత్తగా గీసి ఉండడు. తుడిచి చూపించాడు. చర్మం నున్నగా మెరుస్తోంది. ఆవిడ దూదిని స్పిరిట్‌లో ముంచి దాని మీద రాసింది.

చురుక్కుమంది. మోచేతి దాకా మంట పాకింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదుగాని, కళ్ళు మాత్రం చిట్లించాడు. ఆవిడ సొరుగులోంచి లైటున్న భూతద్దం తీసి చేతికిచ్చింది. వంగి చూశాడు. సన్నని ఎర్ర గీతలు, వాటి పక్కన చుక్కలు. కుడిచేతిని పక్కన పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేవు.

రోజూ ఇదే స్పిరిట్‌ను రోగులకు పూసి, "కాసేపు చల్లగా ఉంటుంది" అని చెప్పేవాడు. మంటగా ఉందని కొందరు అంటే, భయానికి అలా అనిపిస్తుందిలే అనుకునేవాడు.

"నేను గీసినవాళ్ళలో ఎంతమందికి చీము పట్టింది?" అని అడిగాడు.

"దానికి మీరొక్కరే కారణమని చెప్పలేం బాబాయ్. అప్పట్లో ఎక్కడైనా ఇలాగే గీసేవారు. మీకు చెప్పినవాళ్ళెవరూ లేరు."

ఆయన తల ఊపి, చొక్కా చెయ్యి దించుకుని, ఆ మిషను ఎలా పట్టుకోవాలో చూపించమన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కొడుకు మెడవైపు చూశాడు. గడ్డం కింద ఏమీ కనిపించలేదు. అన్నం కలుపుతూనే, "ఆ పొక్కులు ఇప్పుడు లేస్తున్నాయా?" అన్నాడు.

కొడుక్కి మొదట అర్థం కాలేదు. "ఏ పొక్కులు?"

"మెడ మీద. అప్పట్లో లేచేవి కదా."

"గీయడం మానేశాక పోయాయి నాన్నా. ఉంగరాల వెంట్రుక కదా, ఎదురు గీస్తే తెగిన కొన లోపలికే తిరిగి మొలుస్తుందట. చర్మం డాక్టరు చెప్పాడు."

"ఎప్పుడు చూపించుకున్నావు?"

"బట్టల షాపు మానేశాక."

"నాకు చెప్పలేదే."

కొడుకు నీళ్ళ గ్లాసు అందుకుని తాగాడు. కోడలు, భార్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన మజ్జిగ పోయించుకుని, "మానేసి మంచి పనే చేశావు" అన్నాడు. ఆ మాటతో ఆ సంగతి అయిపోయింది. తర్వాత చుట్టాలెవరైనా గడ్డం ఊసెత్తితే, "వాడి చర్మానికి బ్లేడు పడదు" అని ఆయనే జవాబు చెప్పేవాడు.

రిటైరయ్యేదాకా మిషనుతోనే పని చేశాడు. కొత్తవాళ్ళు తనకన్నా చురుగ్గా చేసేవారు. దానికి బాధపడలేదు. తన ముఖానికి మాత్రం పాత రేజరే వాడాడు. ఎదురు గీతను మాత్రం వదిలేశాడు. భార్య గమనించి, "ఇవాళ తొందరగా అయిపోయిందే" అంది.

మనవడు కాలేజీకి వచ్చాక ఇంట్లో మళ్ళీ గడ్డం గొడవ మొదలైంది, ఈసారి తలకిందులుగా. వాడు ఫోనులో వీడియోలు చూసి ఇత్తడి పిడి ఉన్న రెండంచుల రేజరు, చెక్క గిన్నెలో సబ్బు, బ్రష్షు నిలబెట్టే స్టాండు తెప్పించుకున్నాడు. వాళ్ళ నాన్న ఆ డబ్బా చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఇది మన ఇంట్లో వద్దు. ట్రిమ్మరు ఉందిగా, వాడుకో."

"అది వేరు నాన్నా. ఇదొక ప్రశాంతత. పొద్దున్నే ధ్యానంలాగా ఉంటుంది."

తాతకు నవ్వాగలేదు. "డ్యూటీకి టైమవుతోందని పరిగెడుతూ గీసుకునేవాణ్ణిరా నేను. అందులో ప్రశాంతత ఉందని ఎవరూ చెప్పలేదే."

"తాతా, నువ్వు రేజరు పట్టుకునే కోణం కూడా తప్పంట. వీడియోలో చూపిస్తా, రా."

ఆయన బుద్ధిగా కూర్చుని వీడియో అంతా చూశాడు. వీడియోలోని పిల్లాడు బాగానే గీస్తున్నాడని ఒప్పుకున్నాడు. కొడుకు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నువ్వు చెప్పు నాన్నా. వీడికీ నాలాగే అవుతుంది" అన్నాడు. తండ్రిని తన పక్షం వహించమని అతను అడగడం అదే మొదటిసారి.

ఆయన మనవణ్ణి కిటికీ దగ్గరకు పిలిచి, గడ్డం పైకెత్తించి, మెడ మీద వేళ్ళతో తడిమాడు. అటూ ఇటూ నిమిరి చూశాడు. "వీడి వెంట్రుక తిన్నగా ఉంది. వాళ్ళమ్మ పోలిక. గీసుకోనీ" అన్నాడు. తర్వాత మనవడితో, "మొలిచినవైపే గియ్యి. ఎదురు వద్దు. ఒక్క పొక్కు లేచినా ఆపెయ్. పొక్కుల సంగతిలో మీ నాన్న చెప్పినట్టు విను" అన్నాడు. కొడుకు లోపలికి వెళ్ళాడు. మనవడు నాలుగు నెలలు ఆ ధ్యానం చేశాడు. పరీక్షలు దగ్గరపడ్డాక బద్ధకించాడు. ఆ స్టాండు ఇప్పుడు వంటింట్లో గరిటె తగిలించుకోవడానికి పనికొస్తోంది.

ఆయనకు వయసు మీదపడి చెయ్యి వణకడం మొదలైంది. చెవి కింద రెండుసార్లు తెగింది. మూడోసారి నెత్తురు చొక్కా దాకా కారింది. మనవడు తాను గీస్తానని ముందుకొచ్చాడు. ఆయన వద్దన్నాడు. పెరట్లో బల్ల మీద కూర్చుని కొడుకును కేకేసి, "నీ గడ్డం మిషను పట్రా" అన్నాడు.

కొడుకు తండ్రి ముఖం ముట్టుకోవడం ఎరగడు. గడ్డం కింద వేలు ఆనించి పైకెత్తడానికి మొహమాటపడ్డాడు. ఆయనే తల వెనక్కి వాల్చాడు. మిషను రొద చేస్తూ చెంపల మీద తిరిగింది. తెల్లటి పొడి భుజం మీది తువ్వాలు మీద రాలింది.

"నున్నగా రాదు నాన్నా. కాస్త మిగులుతుంది."

"మిగలనీ."

అలా ఆదివారాల్లో కొడుకు గడ్డం కత్తిరించడం అలవాటైంది. వారం మధ్యలో పొట్టి తెల్ల గడ్డం ముఖమంతా కమ్ముకునేది. మొదట్లో దురదని సణిగాడు, తర్వాత మరిచిపోయాడు. భార్య మాత్రం ఎవరో కొత్త మనిషితో కాపురం చేస్తున్నట్టుందని ఏడిపించేది.

ఒకరోజు రక్తపోటు చూపించుకోవడానికి ఒక్కడే ఆసుపత్రికి వెళ్ళాడు. పాత వార్డు ముందునుంచే నడిచాడు. తాను పని నేర్పిన ఇద్దరు ట్రాలీ తోసుకుంటూ ఎదురొచ్చి, పక్కకు తప్పుకోమని సైగ చేశారు. ఆయన గోడవైపు జరిగాడు. పిలిస్తే ఆగేవారే, గుర్తుపట్టి గోల చేసేవారే. పిలవబుద్ధి కాలేదు. వాళ్ళ ట్రాలీ మీద పడుకున్న మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు, వాళ్ళ తొందర వాళ్ళది. తలుపు దగ్గరి వాచ్‌మన్ మాత్రం ఆపి, "ఎవరికోసం వచ్చారు పెద్దాయనా?" అని అడిగాడు.

"నాకోసమే బాబూ. బీపీ చూపించుకోవాలి" అన్నాడాయన. వాచ్‌మన్ చూపించిన బెంచీ మీద, అప్పటికే కూర్చున్నవాళ్ళ చివర, చోటు చూసుకుని కూర్చున్నాడు.