రాట్నం లేని జెండా

పంద్రాగస్టు వస్తే చాలు, మా వీధి పిల్లలు కాగితపు జెండాలు పట్టుకుని నా మగ్గం దగ్గర చేరతారు. బళ్లో పంతులు చెప్పిన అర్థం వాళ్లకు చాలదు. త్యాగం, శాంతి, పాడిపంటలు అని ఆయన చెబుతాడు. పరీక్షలో రాయడానికి అది సరిపోతుంది. నా దగ్గర దొరికే సరుకు వేరు. పైరంగు మోదుగు పూసిన అడవి అనీ, నడుమది పత్తి అనీ, కిందిది వానలు పడ్డాక జొన్నచేను అనీ చెబుతాను. చక్రం సంగతి అడిగితే, ఇక మీదట ఎడ్లు లేకుండానే బండ్లు నడవాలని ఢిల్లీలో తీర్మానమైందనీ, ఆ కాగితం మా ఖానాపూర్ దాకా ఇంకా రాలేదనీ చెబుతాను. పిల్లలు నమ్మరు. నమ్మకపోయినా లేచిపోరు.

గోదావరిలో మొసలి నా ధోవతి పట్టుకుపోయి, అంచు నచ్చక మర్నాడు ఒడ్డున పెట్టిపోయిందని ఊరంతా చెప్పుకుని తిరిగినవాణ్ని నేను. ఆ ధోవతి మా బాపు నేసింది. ఆయనకు కోపం వచ్చింది అబద్ధానికి కాదు, అంచును తక్కువ చేసినందుకు. అట్లాంటి నేను జెండా గురించి ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ సంగతి పిల్లలకు చెప్పను.

మా అన్నకు అబద్ధం చేతకాదు. ఇంట్లో అబద్ధాలన్నీ నా వాటాకే వచ్చాయి. అప్పటి సర్కారు జెండా పసుపుపచ్చది. నడుమ గుండ్రంగా ఉండేది రొట్టె అని మా వైపు చెప్పుకునేవారు. ఎప్పుడో ఒక ఫకీరు మొదటి రాజుకు పెట్టిన రొట్టెనట. ఆకలిగొన్నవాడి కథ కనుక నాకు అది ఇష్టం. అన్నకు కాదు. “రొట్టె వాళ్లు తిన్నరు, బొమ్మ మనకు చూపెడుతున్నరు” అనేవాడు.

మా రాజ్యం యూనియన్‌లో కలవాలని కొట్లాడేవాళ్లతో అన్నకు దోస్తానా కుదిరింది. వాళ్లకో జెండా కావాలి. మా ఇళ్లల్లో రాట్నం ఉండేది నూలు వడకడానికి కాదు, మగ్గానికి కండెలు చుట్టడానికి. మగ్గానికి ఎక్కే నూలు మిల్లుది. అన్న మాత్రం జెండాకు చేతినూలే కావాలన్నాడు. వదిన పత్తి ఏకి, ఆ కండెల రాట్నం మీదనే వడికింది. పెళ్లయి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. ఆయన ఏది అడిగినా చేసేటట్టు ఉండేది. బాపు ఆ నూలును వేళ్ల మధ్య నలిపి చూసి, “గిది నూలా, ఎద్దుకు పగ్గమా?” అన్నాడు. అని, తలుపు వేసుకుని మూడు ముక్కలు నేశాడు. పైముక్కకు మోదుగుపూల రంగు, కిందిదానికి నిర్మల్ బజారులో తెచ్చిన పొట్లం రంగు. నడిమి తెల్లదాని మీద అన్న నీలిమందుతో రాట్నం బొమ్మ గీశాడు, వదిన రాట్నాన్ని ఎదురుగా పెట్టుకుని. ఆమె పక్కనే కూర్చుంది.

“పిడి ఏది? పిడి లేకుంటె ఎట్ల తిప్పుతరు?”

“పెడుత, ఆగు.”

“కదురు వంకర పెట్టినవ్.”

“నీ కదురు వంకరనే ఉన్నది. ఉన్నది గీస్తున్న.”

బాపు అవతలి గదిలోంచి దగ్గాడు. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు.

ఆ జెండాను ధోవతి కింద నడుముకు చుట్టుకుని అన్న పెన్‌గంగ దాటి, సరిహద్దు అవతల చాందా వైపు వాళ్ల క్యాంపుకు బయలుదేరాడు. గడప దగ్గర వదినతో అన్న మాట నేను విన్నాను. “గీ జెండ మన చావడి మీద ఎగిరిన్నాడు నేను ఇంట్ల ఉంట. గప్పటిదాంక ఫికర్ చెయ్యకు, కండెలు సుట్టుకో.”

వానాకాలంలో కబురు వచ్చింది. వాళ్ల గుంపు ఒక సరిహద్దు నాకా మీద ఆ జెండా కట్టడానికి పోయింది. తుపాకులు పేలాయి. తలా ఒక దిక్కు ఉరికారు. అన్న వాగు వైపు పోవడం ఒకరు చూశారు. “వాగు నిండుగ ఉండె” అని మాత్రం చెప్పి ఆ మనిషి నేల చూపులు చూశాడు. శవం దొరకలేదు. జెండా కూడా దొరకలేదు.

ఆ వానలు వెనకబడుతుండగానే యూనియన్ మిలటరీ వచ్చింది. చావడి ముందు కొత్త జెండా ఎక్కిస్తామన్నారు. కర్ర కావాలంటే బాపు మా పడుగు పనికి వాడే వెదురు బొంగు తీసుకెళ్లి ఇచ్చాడు. జనమంతా చేరారు. “ఏందిరా, గీ రంగుల మతలబు?” అని నన్నే అడిగారు. “ఏమున్నది? రొట్టె పోయి చక్రమొచ్చింది. ఇగ తినుడు బంద్, తిరుగుడే” అన్నాను. మిలటరీ వాళ్లకు మా మాట తెలియదు కానీ జనం నవ్వితే వాళ్లూ నవ్వారు.

అప్పుడు వదిన కనిపించింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఆడవాళ్లలోంచి బయటికి వచ్చి జెండా కిందికి నడిచింది. తల పైకెత్తి చూసింది. తర్వాత కర్ర చుట్టూ తిరిగి అవతలి వైపుకు పోయి మళ్లీ చూసింది. నేతగాళ్ల ఇంటి మనిషి. బట్టకు ఎదురు ఒకటి, వెనక ఒకటి ఉంటాయని తెలుసు.

“ఏం సూస్తున్నవ్ ఒదినె?”

“రాట్నం ఎటు దిక్కు లేదు. గిది మీ అన్న జెండ కాదు.”

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో దుఃఖం లేదు. బరువు దించుకున్న మనిషిలా ఉంది. తన జెండా ఎగిరిన రోజు వస్తానన్నాడు. ఎగిరింది వేరే జెండా. కనుక ఆయన రాలేదు. ఆమె లెక్కలో నేను తప్పు పట్టలేకపోయాను. అన్న ఎన్నడూ అబద్ధం ఆడలేదాయె.

ఆనాటి నుంచి మా ఇంట్లో జెండా మీదనే అన్న బతికి ఉన్నాడు, జెండా మీదనే చనిపోయాడు. మా అవ్వకు కొడుకు పోయాడని తెలుసు. వదినకు బతికున్నాడని తెలుసు. కర్మ చేయాలంటే వదిన ఒప్పుకోవాలి, బొట్టు ఆమెది.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేరు చెప్పి పంతులుకు బియ్యం ఇచ్చే రోజు. అవ్వ చేటలో బియ్యం పట్టుకుని మా తాత పేరు చెప్పింది, నాయనమ్మ పేరు చెప్పింది, అక్కడ ఆగి వదిన వైపు చూసింది.

“ఆకలిగొని వస్తడే పిల్లా. గడప కాడ నిలబడితె ఎవలు పేరు పిలువకపోతె ఎల్లిపోతడు.”

“బతికున్న మనిషికి పిండం పెడుతరా అత్తా? ఆయుష్షు తక్కువైతది.”

“ఇంకెన్నొద్దులు గిట్ల?”

“జెండ వచ్చేదాంక.”

అవ్వ కొడుకు పేరు చెప్పకుండానే చేట ఖాళీ చేసింది. మర్నాడు ఊళ్లో బతుకమ్మ. వదిన తంగేడు పూలు, గునుగు పూలు పేర్చుకుని, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని ఆడవాళ్లలోకి పోయింది. గొణుగుడు మా ఇంటి దాకా వినిపించింది. అవ్వ ఆ పొద్దు గడప దాటలేదు. సాయంత్రం వదిన తిరిగి వచ్చాక మాత్రం పిలిచి కూర్చోబెట్టి తలకు నూనె రాసింది.

ఏటేటా ఇదే. చివరికి అవ్వ నన్ను పట్టుకుంది.

“ఊరంత నీ ముచ్చట్లు ఇంటది. నువ్వు చెప్పరాదు?”

“ఏమని చెప్పాలె?”

“గా జెండ, గీ జెండ ఒక్కటే అని చెప్పు. నిజమో కాదో నాకెర్క లేదు. నా కొడుకుకు ఇంత బువ్వ పడాలె.”

కథ అల్లడం నాకెంత సేపు? కానీ ఆ విషయంలో అల్లబుద్ధి కాలేదు. కరీంనగర్‌కు బట్టలమూట తీసుకుపోయినప్పుడు, మా దగ్గర ఎప్పుడూ తువ్వాళ్లు కొనే హైస్కూలు పంతులును అడిగాను, రాట్నం ఎందుకు తీసేశారని. ఆయన పల్చటి కాగితం మీద రాట్నం గీసి ఎండకు పట్టాడు. ముందు నుంచి పిడి కుడివైపు, వెనక నుంచి ఎడమవైపు. చక్రం ఒక్కటే అయితే ఎటు నుంచి చూసినా ఒకే తీరు. పాత రాజుల స్తంభం మీద ఉన్న ధర్మచక్రం అది, అయినా రాట్నాన్ని తీసెయ్యలేదు, దానిలోని చక్రాన్ని ఉంచారని పెద్దలంటారు అని చెప్పాడు. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

వదిన రాట్నం ముందు కూర్చుని ఉంది. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తీసెయ్యలేదు. కాగితాన్ని వెలుతురుకు పట్టి ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఆమె శ్రద్ధగా చూసింది. చూసి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

“నీ కథలల్ల గిది మొదటి నంబరు మరిదీ. ఎనక నుంచి సూసెటోనికి కష్టమైతదని పిడి పీకేసిన్రా? ఎవలన్న సగం రాట్నం జెండ మీద పెట్టుకుంటరా?”

“ఒట్టు ఒదినె.”

“మొసలి ముచ్చటకు గూడ ఒట్టే పెట్టినవ్.”

అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి పోయింది.

మొదటి ఓట్లు వచ్చిన చలికాలం అది. బాపూ నేనూ మగ్గాల మీద ఉన్నాం. బయట మోటారు చప్పుడు, పిల్లల అరుపులు. వదిన కండె చుట్టడం ఆపి గుమ్మంలోకి పోయింది. అక్కడి నుంచే, గొంతు పెంచకుండా అంది:

“అత్తా, జెండ వచ్చింది.”

నేను మగ్గంలోంచి లేచి వచ్చేసరికి ఆమె చెంబుతో నీళ్లు ముంచుకుంటోంది, వచ్చినవాళ్ల కాళ్లకు. వీధి మొగలో జీపు. జీపు ముందు మూడు రంగుల జెండా, తెల్లదాని నడుమ నీలం రాట్నం. పిడి ఉంది. కదురు ఉంది. అది ఏ జెండానో నాకు తెలుసు. దేశం చక్రాన్ని తీసుకుంది, పార్టీ పాత రాట్నాన్నే ఉంచుకుంది. కరీంనగర్‌లో చూశాను. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు.

నేను చేరేలోపు ఆమె జీపు పక్కకు పోయింది. లోపలున్న ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ముందు కూర్చున్న పెద్దమనిషి చేతులు జోడించాడు.

“మా ఇంటాయన ఏ బండిల వస్తుండు?” అంది.

ఆ గోలలో ఆయనకు బండి అన్న మాట ఒక్కటే చెవిన పడినట్టుంది. “ఎనక ఇంకొక జీపొస్తున్నదమ్మా” అన్నాడు నవ్వుతూ. వాళ్లది సాగిపోయింది.

వదిన చెంబు పట్టుకుని దారి పక్కన నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఇంటికి పోదాం రా అంటే రాదని తెలుసు. చేతులు నొప్పెడితే చెంబు కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది. “ఏదన్న చెప్పరాదు మరిదీ, పొద్దు పోతలేదు” అంది. గోదావరి, మొసలి, దయ్యాలు, దొంగలు, ఎవరిని పిలిచినా ఒక్కరూ నా నోట్లోకి రాలేదు.

పొద్దు వాలుతుండగా రెండో జీపు వచ్చింది. అందులో డ్రైవరు, ఒక గొట్టం మైకు, కాగితాల బస్తా. అంతే. డ్రైవరు దాహమడిగాడు. ఆమె చెంబు అందించింది. అతను తాగుతుంటే అడిగింది.

“ఇంకెవలన్న వస్తున్నరా?”

“ఎవ్వరు లేరక్కా. నాదే ఆఖరి బండి.”

“గీ జెండ చావడి మీద ఎప్పుడు ఎక్కిస్తరు?”

“గిది పార్టీదక్కా, ఓట్లకు. చావడి మీద ఉండేది సర్కారుది. చక్రం ఉంటది సూడు, గదే.”

“గది రాట్నం కాదు గద.”

“గది గూడ రాట్నం చక్రమే అంటరక్కా. జర పిడి తీసేసిన్రంతే.” ఖాళీ చెంబు చేతికిచ్చి, దండం పెట్టి బండి కదిలించాడు.

దుమ్ము అణిగేదాకా ఆమె అటే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“నువ్వు నిజమే చెప్పినవా?”

“నిజమే ఒదినె.”

“గట్లయితె నవ్వకుంట చెప్పొద్దా.”

నేను నవ్వలేదు. నా ముఖమే అట్లాంటిది.

ఇంటికి వచ్చి చెంబు బోర్లించి, పొయ్యి దగ్గరున్న అవ్వతో అంది: “అత్తా, ధర్మపురి పోదాం.”

పోయాం. గోదావరి ఒడ్డున పంతులు దర్భలతో మనిషి బొమ్మ కట్టాడు. బాపు తను నేసిన తెల్లబట్ట దాని మీద కప్పి, మడతలు సరిచేసి, మళ్లీ సరిచేశాడు. పంతులు సంకల్పం చెప్పడానికి కూర్చుని అడిగాడు:

“పోయిన తిథి?”

బాపు వానాకాలం అన్నాడు. అవ్వ ఏదో అమావాస్య పెట్టుకోమంది. వెనక నుంచి వదిన చెప్పింది:

“ఓట్ల జీపొచ్చిన్నాడు, అయ్యగారూ.”

“అప్పటికి ఆయన పోయి ఏండ్లయింది కదమ్మా.”

“మీకు ఏండ్లయింది. నాకు గా దినం దాంక ఉన్నడు.”

పంతులు పంచాంగం తీసి ఆ రోజు తిథి వెతికాడు. నేను దర్భ ఉంగరం పెట్టుకున్నాను. పిండం పెట్టాం. కాకి కూడా తొందరగానే వచ్చింది.

ఇక మిగిలిన పనికి మా మేనత్త ముందుకు వచ్చింది. వదిన లేచి చేతులు చాపింది. ఇన్నేళ్లూ కొడుకుకు బువ్వ పడాలని ఏడ్చిన మా అవ్వ, మేనత్తకు అడ్డం వచ్చి, వదిన మణికట్లు రెండూ తన చేతుల్లో బిగించి పట్టుకుంది. గాజులు ఆ పిడికిళ్ల కింద కనబడకుండా పోయాయి.

“జర సేపాగు” అంది మేనత్తతో.

మేనత్త ఆగింది. బాపు నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, పంతులు తన సామాను మూట కట్టుకున్నాడు. అవ్వ చేతులు వదలలేదు.