షెడ్డు కిటికీ దగ్గర దోమల మందు

బెంగళూరు నుంచి వచ్చిన ఆ గుంపుతో బండి నడపడం నాకు అదే మొదటిసారి, అదే చివరిసారి. హిందూపురం వాణ్ణి కనుక మట్టిదారులు తెలిసి ఉంటాయని ఒక స్నేహితుడు నన్ను వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. ఏడు పెద్ద బండ్లు, మోకాళ్ళకూ మోచేతులకూ డొప్పలు, హెల్మెట్ల మీద కెమెరాలు. నాది మామూలు బండి. పొద్దున్నే హిందూపురంలో ఇడ్లీ తిని, పెనుకొండ కొండ వెనక మట్టిదారుల్లో పడి, బుక్కపట్నం చెరువు కట్ట మీద ఆగి, సాయంత్రానికి ధర్మవరం చేరాలని ప్లాను.

ఎక్కువసేపు పట్టలేదు, రోత పుట్టింది. వాళ్ళ నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. ఆగిన ప్రతిచోటా కెమెరా వైపు తిరిగి, "ఇక్కడ మనుషులే లేరు గయ్స్" అనేవాడు. వెనకాల చేలో ఆడవాళ్ళు నడుములు వంచి వేరుశనగలో కలుపు తీస్తూనే ఉండేవాళ్ళు. గొర్రెల మందను హారన్లతో చెదరగొట్టి నవ్వుకున్నారు. చిప్స్ పొట్లాలు చేనుగట్ల మీద పారేసి, చేతులకు మాత్రం శానిటైజర్ రాసుకున్నారు. ఒక కంచె పక్కన వరసగా నిలబడి ఉచ్చపోసి, దానికీ ఫొటో తీసుకున్నారు. అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే ఆ తర్వాతది చూసేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం ఒకతను ఇసుకలో జారి పడ్డాడు. మోకాలు గీసుకుంది, అంతే. పక్కనే మల్బరీ తోట, దాని చివర రేకుల షెడ్డు. కిటికీలకు వల, గుమ్మం ముందు మందంగా సున్నం పట్టీ. పట్టుపురుగుల షెడ్డని చూడగానే తెలిసింది, మా అమ్మ కూడా పెంచేది. షెడ్డులో పురుగు ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో తిరగమోత ఉండేది కాదు. నాయన బీడీ కాల్చుకోవాలంటే రోడ్డు దాకా నడవాల్సిందే. ఆ పురుగుకు ఏ ఘాటూ పడదు.

తోటలో ఆకు కోస్తున్న ఒకామె మమ్మల్ని చూసి బిందెతో నీళ్ళు తెచ్చింది.

"ఏమప్పా, యాడికి పోతాండారు ఈ ఎండలో?"

"ధర్మవరం అక్కా."

"తారు రోడ్డు ఉండాది కదప్పా ఆడ! ఈ గుట్టల్లో ఏంటికి?"

మాట మార్చాను. "పురుగు ఎన్నో జ్వరం అక్కా?" అన్నాను. పురుగు ఆకు మానేసి కుబుసం విడిచే రోజుల్ని మా వైపు జ్వరం అంటారు. నాకు ఆ సంగతి తెలుసని ఆమె ముఖం విప్పారింది.

"నాలుగు జ్వరాలూ లేసినాయప్పా. ఎల్లుండికి గూళ్ళు కడతాయి. పోయిన రెండు పంటలూ రోగమొచ్చి పాయ. ఈసారి గూడా పోతే తోట పీకేసి భూమి సోలారోళ్ళకు ఇచ్చేస్తామని మా బావోళ్ళు కూసోనుండారు. ఈ పంట ఒక్కటి తీసినానంటే నా తోట నాకు ఉంటాది. మీవోళ్ళని ఆ సున్నం దాటి మాత్రం రావద్దనప్పా."

అందరికీ గట్టిగా చెప్పాను. ఘాటు పడదని కూడా చెప్పాను. కెప్టెన్ తల ఊపాడు. మాట కూడా తప్పలేదు మహానుభావుడు. సున్నం గుమ్మం దగ్గరే కదా ఉంది, అతను కిటికీ దగ్గరికి పోయాడు.

తోటలో దోమలు ముసిరాయి కాబోలు. సంచీలోంచి డబ్బా తీసి, వల ముందు నిలబడి, మెడకూ చేతులకూ బుస్సుబుస్సుమని కొట్టుకున్నాడు. గాలి షెడ్డులోకి తోలుతోంది. "యాక్! గయ్స్, ఈ పురుగులు చూడండి" అంటూ వీడియో తీస్తున్నాడు. వాసన ముక్కుకు తగిలి నేను పరిగెత్తి డబ్బా లాక్కున్నాను.

"ఏంటి భయ్యా, దోమల మందే కదా. మా పిల్లలకు కూడా కొడతాం" అన్నాడు.

ఆమె ఆకు మోపు అక్కడే పడేసి వచ్చింది. "ఏం కొట్టినారప్పా?" అని ఒక్కమాటే అడిగింది. మేమిద్దరం లోపలికి పోయేసరికి కిటికీ పక్క అరల్లో ఆకు నమిలే చప్పుడు ఆగిపోయింది. పురుగులు తలలెత్తి అటూ ఇటూ కొట్టుకుంటూ పచ్చటి రసం కక్కుతున్నాయి. ఆమె పిచ్చిదానిలా అవతలి కిటికీలన్నీ తెరిచింది. గాలి ఆ ఘాటును అవతలి అరల మీదికి కూడా తోసింది.

కెప్టెన్ బయటి నుంచే "సారీ అక్కా" అన్నాడు. నేను బయటికి రాగానే గొంతు తగ్గించి, "ఎలాగూ వేడినీళ్ళలో వేసి చంపేవే కదా. దీనికి ఇంత సీనా?" అన్నాడు. ఆ శుభ్రమైన ముఖం చూస్తే నాకు ఎంత అసహ్యం వేసిందంటే, కొట్టడానికి కూడా చేయి లేవలేదు. పొమ్మన్నాను. ఎండ తగ్గితే చెరువు దగ్గర డ్రోన్ ఎగరెయ్యడం కుదరదని వాళ్ళకూ తొందరగానే ఉంది. దుమ్ము లేపుకుంటూ పోయారు.

బతికినవాటిని ఏరి వేరే అరల్లో వేశాం. కొత్త ఆకు పెట్టాం. ఒక్కటీ నోరు పెట్టలేదు. పొద్దు వాలేసరికి ఇక ఏరడానికేమీ మిగల్లేదు. తోట పక్కన గుంట తీసి గంపలతో పోశాం. చల్లగా, మెత్తగా, జిగటగా చేతులకు అంటుకున్నాయి. ఆమె ఏడవలేదు, సున్నం చల్లుతూ పోయింది.

అప్పుడు నా ఫోను మోగింది. గ్రూపులో కెప్టెన్ ఫొటో. ధర్మవరం కొట్లో విప్పి పరిచిన ఎర్రంచు చీర. కింద, "మా మేడమ్‌కి. నువ్వు లోకల్ కదా, అసలు పట్టేనా కాస్త చూసి చెప్పు."

ఆమె నా భుజం మీదుగా చూసింది. "ఎవురిదప్పా ఆ చీర?"

చెప్పాను.

"ఆయప్పకు చెప్పు. ఆ చీర కట్టుకునే ఆయమ్మను ఈడికి పిల్చకరమ్మను. ఈ గుంట పూడ్చను, చూపిస్తా."

ఆ మాటలే రాసి పంపాను. వేళ్ళ పచ్చదనం ఫోను అద్దానికి అంటింది. కాసేపటికి జవాబొచ్చింది. నవ్వే బొమ్మలు, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వేవి, ఒకదాని కింద ఒకటి.

"ఏమన్నాడప్పా?" అని అడిగింది.

"సిగ్నల్ లేదక్కా" అన్నాను.

పార పట్టుకుని గుంట పక్కనే నిలబడింది, మట్టి తొయ్యకుండా.