రేణుక చేసిన చారల కుంచె

ఇన్నేళ్లుగా మోస్తున్న మాట ఒకటుంది. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. బతుకమ్మ రోజుల్లో పటాన్‌చెరు రోడ్డు మీద రంగుల బ్యానర్లు కనబడితే చాలు, తల దించుకుని నడుస్తాను.

అప్పుడప్పుడే ఫ్లెక్సీలు వస్తున్న రోజులవి. బస్టాండు దగ్గరి డీటీపీ షాపులో ఒకే కంప్యూటరు. పొద్దున నేను, మధ్యాహ్నం నుంచి రేణుక. మాది కోస్తా. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇటు వచ్చి, ముందే రిటైరై ఇంట్లో కూర్చున్నారు. రేణుకది పక్కనే ఉన్న చిట్కుల్. ఫ్యాక్టరీల వల్ల బోరు నీళ్లు రంగు మారాక వాళ్ల పొలం సాగు లేక పడావు పడింది. ఇద్దరం ఒకే చోట కంప్యూటర్ కోర్సు చేశాం, ఒకే డబ్బా మూతలో కూర పంచుకున్నాం. షాపు యజమాని, మా సేటు, ఫ్లెక్సీ మిషన్ తెస్తున్నాడనీ, మాలో ఒక్కరినే ఉంచుకుంటాడనీ మాకు తెలుసు. ఆ కుర్చీ ఇద్దరికీ కావాలి.

ఒక చీరల దుకాణం వాళ్లు బతుకమ్మ బొమ్మతో బ్యానర్ అడిగితే ఇద్దరం కలిసి కూర్చున్నాం. ఒక్కో పువ్వూ గీస్తూ కూర్చుంటే పండుగ దాటిపోతుంది. కుంచె చేద్దామంది రేణుక. కంప్యూటర్లో కుంచె అంటే మనం ముందే తయారు చేసి పెట్టుకున్న గీత. మౌస్ ఎటు తిరిగితే అటు సాగుతుంది. ముదురు నుంచి లేతకు జారే రంగును, అదే గ్రేడియంట్‌ను, కుంచెకు ఇవ్వబోతే సాఫ్ట్‌వేర్ వద్దంది. నేను మౌస్ వదిలేశాను.

రేణుక వదల్లేదు. వాళ్లింట్లో గునుగు పూలకు రంగు ఎట్లా అద్దుతారో చెప్పింది. గునుగు పుట్టుకతో తెల్లగా ఉంటుంది. ఒకే గిన్నెలో రంగు కలిపి కట్టలన్నీ వరసగా ముంచుతారట. మొదటి కట్ట ముదురు, గిన్నెలో రంగు తగ్గేకొద్దీ తర్వాతవి లేత. ఏ కట్టకు ఆ కట్ట ఒకటే రంగు, పక్కపక్కన పేరిస్తే మాత్రం కంటికి రంగు జారుతుంది. ఆ పద్ధతిలోనే గ్రేడియంట్‌ను సన్నటి పట్టీలుగా విడగొట్టింది. గులాబీ, ఊదా, తంగేడు పసుపు, మధ్యలో ఒక తెల్ల చార. ఒక్కో పట్టీలో ఒక్కటే రంగు. ఈసారి సాఫ్ట్‌వేర్ మారుమాట్లాడకుండా తీసుకుంది.

ఆమె మౌస్‌ను ఒక్క చుట్టు తిప్పింది. తెర మీద వరసలు వరసలుగా, పైనుంచి చూసినట్టు, నిండు బతుకమ్మ! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత ఎన్నో డిజైన్లు చూశాను, పెద్ద పెద్ద మిషన్లు చూశాను. అంత ఆశ్చర్యం మళ్లీ నా జీవితంలో రాలేదు. అంతగా మురిసిపోయిన దాన్నే కాజేయాలని ఎట్లా అనిపించింది? మురిసిపోయినందుకే అనిపించిందా?

ఎంగిలిపూల బతుకమ్మ రోజు, అంటే పండుగ మొదటి రోజు, రేణుక పూలకు వెళ్లింది. సేటు తెర ముందు చాలాసేపు నిలబడి, ఎవరు చేశారని అడిగాడు. నేనే అన్నాను. ఆ మాట అంత సులువుగా వస్తుందనుకోలేదు. మధ్యలో ఈ తెల్ల చార ఏమిటన్నాడు. నాకు తెలియదు. పొరపాటున ఖాళీ వచ్చిందని చెప్పి, గులాబీ రంగుతో నింపేశాను.

పండుగ అయిపోయింది. సేటు నన్ను ఉంచుకున్నాడు. రేణుక తన టిఫిన్ డబ్బా, చున్నీ తీసుకోవడానికి వచ్చింది. దుకాణం మీద కట్టిన బ్యానర్ దారిలో చూసిందట.

"తెల్లది ఎందుకు నింపినవక్కా?"

"సేటు అడిగాడు, ఖాళీ అనుకున్నానే."

"ఖాళీ కాదక్కా. రంగు అయిపోయినంక ఒక కట్ట గట్లనే తెల్లగ ఉంచుతది మా అమ్మ. పువ్వు పుట్టిన రంగు జెర కనవడాలె గద." చున్నీ మడత పెడుతూ అడిగింది. "నేను జేసిన్నని సేటుకు చెప్పినవా?"

"చెప్పాను."

"చెప్పినంక గూడ నిన్నే ఉంచుకున్నడా." నవ్వబోయి ఆగిపోయింది. "ఇగ నాది అంత మంచిగ లేకుండె గావచ్చు."

అప్పుడైనా నోరు విప్పలేదు. బస్సు ఎక్కేదాకా తనతో నడిచాను, కిటికీలోంచి చెయ్యి ఊపితే నేనూ ఊపాను.

కుర్చీ కోసం ఆడిన అబద్ధానికి నా దగ్గర సాకులున్నాయి. ఇంట్లో ఇబ్బంది, వయసు, భయం. రెండో అబద్ధానికి ఏ సాకూ లేదు. అప్పటికే కుర్చీ నాదైంది కదా, ఇంక ఎందుకు ఆడాను? ఆమె కళ్లలో మంచిదానిగా మిగలాలనే కదా?

కొన్నేళ్లకు చిట్కుల్ ఆవిడ ఒకరు పెళ్లి కార్డుకు వచ్చి చెప్పింది. రేణుక గడ్డపోతారంలో మాత్రల ప్యాకింగులో చేరిందట. కంప్యూటర్ పని ఇప్పిస్తామని ఎవరో అంటే, "నాకు గా పని రాదు" అందట. ఆ రోజు కూడా నా తెర మీద ఉన్నది ఆమె కుంచే. దానితో గీసిన బ్యానర్లు ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి దాకా వేలాడాయి. చూసి నిలబడిపోయినవాళ్లను చూశాను. వాళ్ల ఆశ్చర్యమంతా ఆమెకు చెందాల్సింది.

తర్వాత ఆ కుంచెలో చారను మళ్లీ తెల్లగా మార్చాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. ఆమెను వెతుక్కుంటూ వెళ్లే ధైర్యం ఇప్పటికీ లేదు, క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. చెప్పాల్సింది ఇంతే. ఆ కుంచె రేణుక చేసింది. ఆ సంగతి సేటుకు నేను చెప్పలేదు. ఆమె పని చూసి కాదన్నవాళ్లు ఎవరూ లేరు.