గోడమీది ఫార్మసిస్టు

సత్యవేడు బస్టాండు ఎదుట ఏకాంబరం మందుల షాపులో ప్రసన్నకుమారి ఫోటో ఉన్న సర్టిఫికెట్టు గాజు చట్రంలో వేలాడేది. దాని కింద మేకుకు ఆమె తెల్లకోటు. ప్రసన్నకుమారి మాత్రం తిరుపతిలో ఒక బడిలో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ ఉండేది. ఫార్మసిస్టు ఏదని ఎవరన్నా అడిగితే ఏకాంబరం తడుముకోకుండా, "ఆయమ్మ ఇప్పుడే అన్నానికి పోయింది" అనేవాడు. ఏళ్లు గడిచినా ఆ అన్నం మాత్రం తెమలలేదు.

ఇదేమీ ఆమె ఒక్కతే చేసిన ఘనకార్యం కాదు. ఫార్మసిస్టు లేనిదే లైసెన్సు ఇవ్వరు, లైసెన్సు లేనిదే షాపు తెరవనివ్వరు. అందుకని మనిషిని పెట్టుకోకుండా మనిషి సర్టిఫికెట్టును అద్దెకు తెచ్చుకునేవాళ్లు. తనిఖీ అని కబురందితే ఆమె తెల్లారే బస్సెక్కి వచ్చి, కోటు తొడుక్కుని కూర్చుని, సంతకం పెట్టి వెళ్లేది. తనిఖీకి వచ్చినవాళ్లకూ సంగతి తెలుసు. తెలిసే టీ తాగి వెళ్లేవాళ్లు.

మొదట్లో ఆమె నిజంగానే షాపులో కూర్చుంది. ఏ మాత్ర ఎందుకో, ఎప్పుడు వేసుకోవాలో వచ్చినవాళ్ల చేత తిరిగి చెప్పించుకుని గానీ పంపేది కాదు. జనం బారులు తీరారు, బేరం మందగించింది. "నువ్వు ఇంటికాడ ఉండమ్మా, నీ కాయితముంటే సాలు" అన్నాడు ఏకాంబరం. ఆ మాట ఆమెకు అవమానంగా తోచలేదు, హాయిగా తోచింది. ఆమె తప్పు అక్కడే మొదలైంది.

2003 వానాకాలంలో ఆ ఊరి రాఘవమ్మకు చెన్నై డాక్టరు కీళ్లవాతానికి వారానికొకటి వేసుకునే మాత్ర రాశాడు. ఏకాంబరం చీటీ పూర్తిగా చదవకుండా, అలవాటు కొద్దీ, రోజూ పొద్దున ఒకటి అని చెప్పి ఇచ్చాడు. అత్తంటే ప్రాణంపెట్టే కోడలు మునిలక్ష్మి రోజూ తన చేత్తోనే వేసింది. నోరంతా పుండై, గంజి కూడా గొంతు దిగక, పక్షం తిరక్కముందే రాఘవమ్మ చనిపోయింది. ఊరు కోడలిని పట్టుకుంది. వారానికొకటి వేయాల్సిన మాత్ర రోజూ వేసి చేతులారా చంపిందన్నారు. మొగుడు ఆమెను పుట్టింట్లో దింపి వచ్చాడు.

ఈ చావు మీద మందుల శాఖవాళ్లు విచారణ పెట్టారు. దానికి ముందురోజు ఏకాంబరం తిరుపతికి వచ్చాడు. ఆ రోజు షాపులో తానే ఉన్నానని, వారానికొకటే అని చెప్పినా ఇంట్లోవాళ్లే తప్పుగా వేశారని ప్రసన్నకుమారి చెప్పాలి. అలా చెబితే షాపూ నిలుస్తుంది, సర్టిఫికెట్టూ నిలుస్తుంది. మునిగిపోయేది మునిలక్ష్మి ఒక్కతే. అదే మంచిదని ప్రసన్నకుమారి భర్త సుకుమార్ కూడా అన్నాడు.

మర్నాడు ఆ రోజు షాపులో ఎవరున్నారని డ్రగ్ ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఎదురు బెంచీ మీద మునిలక్ష్మి తల వంచుకుని కూర్చునుంది.

"నేను ఆ పొద్దు ఆడ లేను సార్" అంది ప్రసన్నకుమారి. "యా పొద్దూ లేను."

షాపుకు సీలు వేశారు. ఫార్మసిస్టుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తామన్నారు. బయటికొచ్చి ప్రసన్నకుమారి మునిలక్ష్మి చెయ్యి పట్టుకుంది. ఒక మంచిమాట వింటానని లోపల ఆశ ఉండింది, దాచడమెందుకు. మునిలక్ష్మి చెయ్యి విడిపించుకుంది.

"నువ్వు ఆడుండింటే మాయత్త బతికుండునే అక్కా."

ప్రసన్నకుమారి పేరు కొట్టేశారు. కొన్నాళ్లకు షాపు సీలు విప్పారు, లైసెన్సు ఏకాంబరం బావమరిది పేరు మీదికి మారింది. సత్యవేడులోనే ఉండే నాయనను చూడటానికి వచ్చినప్పుడు, ఆయన బీపీ మాత్రలకని ప్రసన్నకుమారి అక్కడికే వెళ్లాల్సి వచ్చింది. అదే గోడకు చట్రంలో కొత్త సర్టిఫికెట్టు, దాని మీది ఫోటోలో నవ్వుతూ ఎవరో పడుచుపిల్ల. ముందు నిలబడ్డ ముసలాయన చేతిలోని మాత్రలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, ఇవి ఎట్లా వేసుకోవాలో చెప్పే అమ్మ యాడుందని అడిగాడు.

బావమరిది తలెత్తలేదు.

"ఆయమ్మ ఇప్పుడే అన్నానికి పోయింది."