మైకు మునిశేఖర్ బిడ్డకు సూది

సత్యవేడు చుట్టుపక్కల పల్లెల్లో నా ముఖం ఎవరికీ గుర్తుండదు. గొంతు మాత్రం చంటిపిల్లలకు కూడా తెలుసు. పేరు మునిశేఖర్. ఆటో మీద రెండు మైకు గొట్టాలు కట్టుకుని ఊరూరా తిరుగుతూ ప్రచారం చేయడం నా బతుకుతెరువు. బట్టల కొట్టులో ఆడి మాసపు తగ్గింపు, కొత్తగా తెరిచిన పళ్ల ఆసుపత్రి, గుడిలో బ్రహ్మోత్సవం, రేపటి కరెంటు కోత, ఏదైనా ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో చెబుతాను. సరిహద్దు దాటి అవతలి ఊళ్లకు పోతే అరవంలో చెబుతాను. నా అరవం విని వాళ్లు నవ్వుతారు. నవ్వడానికైనా విన్నారు కదా అని నేను సంతోషిస్తాను.

ఇంట్లో మాత్రం నా గొంతుకు గిరాకీ లేదు. కోళ్ల కూతలు, కుక్కర్ విజిల్ పడకుండా దుప్పటి ముసుగేసుకుని సెల్‌ఫోన్‌లో రికార్డు చేస్తుంటాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు మంచం మీది దుప్పటి "అక్కలారా, చెల్లెళ్లారా" అని కేకలు పెట్టడం చూసి ఉలిక్కిపడతారు. నా భార్య భానుప్రియ కుట్టు మిషన్ ఆపకుండానే "ఏం లేదులే అక్కా, మా ఆయన" అంటుంది. కూతురు ఐశ్వర్య తొమ్మిదో తరగతి. బడి వీధిలోకి నా ఆటో వస్తే తల తిప్పుకుని నడుస్తుంది. మా అమ్మ నిర్మలమ్మ అయితే ఈ గొంతును నలభై ఏళ్లుగా భరిస్తోంది, ఏనాడూ బాగుందని అనలేదు.

పోయిన ఏడాది ఒక సేవా సంస్థవాళ్లు మా హైస్కూల్లో ఆడపిల్లలకు టీకా శిబిరం పెడుతూ ప్రచారం నాకిచ్చారు. హెచ్‌పీవీ టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే సూది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచితం. నేను దుప్పటి కప్పుకుని గంభీరంగా మొదలుపెట్టాను. గుడి ప్రచారాల అలవాటు నాలుక మీదే ఉంది కాబట్టి "గర్భగుడి ముఖద్వార క్యాన్సర్" అని వచ్చింది. ఆ సంగతి నాకు తెలియనే లేదు. బయట మిషన్ ఆగిపోయి నవ్వు వినిపించాక మళ్లీ చదివాను.

ఊళ్లలో తిరగడం మొదలైంది. ఎప్పుడూ నా ఆటోను ఎవరూ ఆపరు. ఈసారి అడుగడుగునా ఆపారు. టీకొట్టు ఓబయ్య గ్లాసు కడుగుతూనే అడిగాడు.

"ఏమప్పా మునిశేఖరా, ఆ సూది ఏయించుకుంటే రేపు పిల్లోళ్లు పుట్టరంట కదా?"

"అదంతా పుకారప్పా," అన్నాను, మెడలో స్టెతస్కోపు ఉన్నవాడిలా.

"మరి ఊరికే ఎందుకిస్తా ఉండారు? ఊరికే ఇచ్చినారంటే ఏదో ఉండాది."

"మన మంచికే."

"సరే, నీ బిడ్డకు ఏయిస్తా ఉండావా?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మూడు మండలాల ఆడపిల్లలను రమ్మని అరుస్తున్న నేను, నా ఇంట్లో పిల్ల ఉందన్న సంగతే ఆలోచించలేదు. "ఆ... సూస్తా ఉండాము," అని ఆటో స్టార్టు చేశాను.

ఆ సాయంత్రం భానుప్రియ కూడా అదే అడిగింది.

"ఏమయ్యా, నువ్వు పొద్దస్తమానం సెప్పేది నిజమేనా?"

"కాగితంలో అట్లే రాసినారు."

"ఆ నీళ్ల మిషనోళ్లు రాసిచ్చిన కాగితంలో కూడా పదేళ్లు గ్యారంటీ అనుండె. నువ్వే కదా సదివితివి?"

నీళ్లు శుద్ధి చేసే ఆ మిషను మా వంటింట్లోనే ఉంది. మొదటి వేసవికే మూలపడితే ఇప్పుడు దానిలో ఉల్లిగడ్డలు పోస్తున్నాం. నిజం చెప్పాలంటే నా చిక్కు అదే. అబద్ధాన్నీ నిజాన్నీ ఒకే గొంతుతో చెప్పీ చెప్పీ, నా నోట్లోంచి వచ్చే మాట ఏదో నాకే తేలకుండా పోయింది. "ఉచితం" అనే మాట వెనక ఏముంటుందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. చివర్లో "షరతులు వర్తిస్తాయి" అని గబగబా మింగేసేది నేనే కదా.

వేయిస్తే బిడ్డకు ఏమన్నా అయితే? వేయించకపోతే రేపు ఏమన్నా అయితే? సూది పొడిపించి కీడు తెచ్చుకుంటే నేను చేసిందవుతుంది, ఊరికే ఉండి కీడొస్తే తలరాత అవుతుంది. ఈ లెక్కలో ఊరికే ఉండటమే నాకు సుఖంగా కనిపించింది. అది బిడ్డ సుఖం కాదని, నా సుఖమని తెలియడానికి మరుసటి రోజు దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రోజు మా వీధిలో రికార్డు పెట్టుకుని నెమ్మదిగా పోతున్నాను. అమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. చెయ్యెత్తి ఆపమంది.

"రేయ్ శేఖరా, ఇంకొకసారి ఎయ్‌రా అది."

నా గుండె పొంగిపోయింది. నలభై ఏళ్లకు మా అమ్మకు నా గొంతు నచ్చింది! సౌండు కొంచెం పెంచి, మొదటి నుంచి వేసి, ఆటోకు ఆనుకుని నిలబడ్డాను. నెలసరి కాని రోజుల్లో రక్తం పోవడం, నడుము కింద నొప్పి, వాసనతో తెల్లబట్ట, ఇవి కనిపిస్తే అశ్రద్ధ చేయకండి అని నా గొంతు వీధంతా చెబుతోంది. అమ్మ చేతిలో చింతపండు అట్లే ఉంది.

"మన మోహనకు ఇదే కదరా," అంది.

మోహన మా అక్క. ముప్పై ఎనిమిదేళ్లకు పోయింది. అప్పుడు అందరూ కడుపులో గడ్డ అన్నారు, నేనూ అదే అన్నాను. ఆడవాళ్ల జబ్బు, దాని గురించి అడగకూడదు అనుకున్నాను.

"రగతం పోతా ఉండాదని నాతో ఒక్కదాంతోనే సెప్పింది. నాయనకు సెప్పొద్దమ్మా అనింది. సిగ్గు. నేనూ సెప్పలేదు. పెద్దాసుపత్రికి తీసుకపోయేటప్పటికి ఆలస్యమైపాయ." చేతిలో చింతపండు చాటలో పడేసి అంది, "నువ్వు నాలుగు దినాలుగా అరస్తా ఉండావే, నీకు తెలీలేదా?"

తెలియలేదు. మూడు మండలాలకు వినిపించిన మాట నాకు మాత్రం వినబడలేదు. ఆటో పక్కకు పెట్టి ఆ పూట ఇంట్లోనే కూర్చున్నాను. సేవా సంస్థవాళ్లు ఫోన్ చేస్తే గొంతు బాగలేదని చెప్పాను.

మరునాడు భానుప్రియా నేనూ తిరుపతి బస్సెక్కాం. ఆడవాళ్ల జబ్బులు చూసే డాక్టర్ పంకజాక్షి ఆసుపత్రిలో వరండా నిండా జనం. మా వంతు వచ్చాక లోపలికి పోయి అడగడం మొదలుపెట్టాను. నేను మెల్లగానే అడిగాను. నా మెల్లగా అంటే ఏమిటో బయటివాళ్లకు తెలుసు.

"మేడం, మా బిడ్డ మంచిది. ఇది మొగుడూ పెండ్లాల మధ్య అంటుకునే జబ్బంట కదా, సిన్నపిల్లకెందుకు?"

ఆమె నవ్వలేదు. "మీ బిడ్డ మంచిదే. రేపు మీకొచ్చే అల్లుడి సంగతి నాకూ తెలీదు, మీకూ తెలీదు. ఆ వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి, ఏళ్ల తర్వాత క్యాన్సరవుతుంది. టీకా అది సోకకముందు వేస్తేనే బాగా పనిచేస్తుంది. అందుకే ఈ వయసు."

"పిల్లలు పుట్టరని..."

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"షరతులేమన్నా ఉండాయా మేడం?" నోటి అలవాటు.

"ఉన్నాయి. చెయ్యి నొప్పి పుడుతుంది, ఒకరోజు జ్వరం రావచ్చు. కళ్లు తిరిగి పడకుండా వేశాక కాసేపు కూర్చోబెడతాం. చాలా అరుదుగా కొందరికి పడదు, అందుకే అక్కడ మందులు పెట్టుకుని చూస్తాం. ఇంకోటి, ఇది నూటికి నూరుపాళ్లు రక్షణ కాదు. అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు. పెద్దయ్యాక పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి." ఆమె భానుప్రియ వైపు తిరిగింది. "మీరెప్పుడైనా చేయించుకున్నారా?"

భానుప్రియ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. బిడ్డ గురించి అంత తూకం వేసిన నేను, పక్కన కూర్చున్న మనిషిని ఏ వైపు తక్కెట్లోనూ పెట్టలేదు.

బయటికి వస్తే వరండాలో అందరూ మా వైపే చూస్తున్నారు. ఒక పెద్దావిడ భానుప్రియ చెయ్యి పట్టుకుని, "మాకూ అదే అనుమానం ఉండె తల్లీ, మీ ఆయన పుణ్యాన తీరిపాయ," అంది. మా ఆవిడ ముఖం ఎర్రబడింది. బస్సులో పుత్తూరు దాటేదాకా నాకు దూరంగా ఆడవాళ్ల సీట్లోనే కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అంతా ఐశ్వర్యకు చెప్పాం. మేనత్త సంగతి మా అమ్మే చెప్పింది. పిల్ల విని, "మా సైన్సు మేడం ఎప్పుడో సెప్పింది నాయనా. మీరు ఒప్పుకోరనుకున్నా," అంది. నా మూడు రోజుల మథనాన్ని ఒక్క ముద్దతో కలిపి తినేసింది.

శిబిరం రోజు పేర్లు పిలిచే పని కూడా నాదే. పిల్లలు వరుసగా పోతున్నారు. ఐశ్వర్య పేరు పిలిచాను. నర్సు సూది తీయడం కనిపించింది. మైకు ఆపేశాననుకుని, "భయపడొద్దు తల్లీ, నాయన ఈడనే ఉండాడు," అన్నాను.

మైకు ఆగలేదు. బడి, బడి పక్క వీధి, బస్టాండు, అన్నీ విన్నాయి. వరుసలో ఉన్న పిల్లలంతా ఘొల్లున నవ్వారు. ఐశ్వర్య చెయ్యి నొప్పి ఒకరోజుకే తగ్గింది, జ్వరం కూడా రాలేదు. మైకు పెట్టిన నొప్పి మాత్రం బడి పరీక్షలదాకా ఉంది. లెక్కల పరీక్ష రోజు కూడా స్నేహితురాళ్లు గేటు దగ్గర "భయపడొద్దు తల్లీ" అన్నారట. ఆరు నెలలకు రెండో సూది వేసే రోజు నన్ను పక్క మండలంలో ప్రచారానికి పంపించమని వాళ్లమ్మకు చెప్పింది. పంపించారు.

భానుప్రియ డాక్టరమ్మ చెప్పిన పరీక్షకు మా అమ్మను తోడు తీసుకుని తిరుపతి వెళ్లింది. నన్ను రావద్దన్నారు, వరండా గుర్తుంది మరి. ఏమీ లేదని, మళ్లీ కొన్నేళ్లకు రమ్మని చెప్పారు. వస్తూ వస్తూ ఇద్దరూ తిరుచానూరులో దిగి అమ్మవారిని చూసుకుని, తలలో కనకాంబరాలతో ఇల్లు చేరారు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం పూట మా వాకిట్లో ఆడవాళ్లు చేరుతున్నారు. అమ్మ మధ్యలో కూర్చుని మోహన పేరు పెట్టి, జబ్బు పేరు పెట్టి, మెల్లగా చెబుతుంది. సిగ్గుపడి దాచుకోవద్దని చెబుతుంది. నేను తలుపు వెనక నిలబడి వింటుంటాను. ఒకటి రెండుసార్లు మధ్యలో దూరి డాక్టరమ్మ చెప్పిన మాటలు కలపబోయాను.

"నువ్వు ఆగరా," అంది అమ్మ. "వాళ్లు వింటా ఉండారు."

ఆగాను.