జక్రయ్య అరవలేదు!

సూది పొడిపించుకున్నవాళ్లు అరవడం ఎక్కడైనా ఉన్నదే. పొడిచేవాడు అరవడం మాత్రం మిరప పొలాల మధ్యనున్న ఆ పల్లె ఆసుపత్రిలోనే చూడాలి. కాంపౌండరు జక్రయ్య సూది దించాడంటే చాలు, "ప్రభువా! చచ్చాన్రా నాయనా!" అని ఒకటే కేక. కల్లంలో మిరపకాయలు ఆరబోసే ఆడవాళ్లు కూడా "ఎవరికో సూది పడింది" అనుకుని పని చేసుకునేవారు.

పట్నంలోని బ్రాడీపేట నుంచి కొత్తగా వచ్చిన నర్సు నజ్మీన్ మొదటిరోజే హడలిపోయింది.

"గుచ్చింది వాళ్లకైతే మీరు అరుస్తారేంటండీ?"

"ఏమో సిస్టరమ్మా, అలా వచ్చేస్తది. అలవాటైపోయింది."

వట్టి వెర్రిమాలోకం, అనుకుంది నజ్మీన్.

అంతలో కరోనా టీకా వచ్చింది. ముందు ఆసుపత్రివాళ్లే వేయించుకోవాలన్నారు. అమ్మో! నిన్నటిదాకా ఊరికి టీకాల గురించి బోధించినవాళ్లంతా ఒక్కసారిగా మర్యాదస్తులైపోయారు. "ముందు మీరు కానివ్వండి", "అబ్బే, పెద్దవారు, మీరే కానివ్వండి". పెళ్లి భోజనాల్లో కూడా అంత మర్యాద ఎవరూ చూసి ఉండరు. మందులిచ్చే ఫిలిప్‌కు ఎడంచేతికి వాతం, కుడిచేతికి పని. డాక్టరుగారేమో "ఇంటాయన ఆఖర్నే కదయ్యా తినాలి" అంటూ గదిలోకి తప్పుకున్నారు.

నజ్మీన్‌కైతే నిజంగానే భయం. "అది వేయించుకుంటే పిల్లలు పుట్టరంట, నా మాట వినవే" అని ఫోన్లో వాళ్లమ్మ ఒకటే ఏడుపు. అది ఉత్తమాటేనని నజ్మీన్‌కు తెలుసు. తెలిసినా కాళ్లు కదిలితేగా!

ఆశా వర్కరు ఆదెమ్మకు ఒళ్లు మండింది. "బాగానే ఉంది సంబడం! మా ఆసుపత్రోళ్లు వేయించుకోరు, మీరు వేయించుకోండని చెప్పనా ఊళ్లో? పోయినేడు పోయినోళ్లు చాలరా?"

జక్రయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి కుర్చీలో కూర్చున్నాడు. "కానీ సిస్టరమ్మా."

అందరూ చెవులు మూసుకున్నారు. నజ్మీన్ సూది దించింది, తీసింది. కేక లేదు!

ఫిలిప్ మొహం పాలిపోయింది. "అరవలేదేంటి! మాట పడిపోయిందేమో! డాక్టరుగారూ, టీకా వికటించింది, రండి!"

డాక్టరుగారు పరుగున వచ్చి స్టెతస్కోపు జక్రయ్య గుండెకు ఆనించారు. "అయ్యో, గుండె వినపడ్డంలేదు!"

"అది చెవుల్లో పెట్టుకోండి సార్," అన్నాడు జక్రయ్య. "నాకేం కాలేదు."

"మరి అరవలేదేం?"

"నాకు గుచ్చితే నేనెందుకు అరుస్తానండీ?"

అని లేచి, నజ్మీన్‌ను కూర్చోబెట్టి సూది అందుకున్నాడు. "ప్రభువా! చచ్చాన్రా నాయనా!" అని కప్పు ఎగిరిపోయేలా కేక పెట్టాడు. నజ్మీన్ ఉలిక్కిపడింది, ఆనక పకపకా నవ్వింది. నవ్వు ఆగేసరికి చేతిమీద దూది ఉంది.

"అయిపోయిందా?"

"ఎప్పుడో! నా కేక వింటే నీ నొప్పి నీకు గుర్తుండదమ్మా. పసిపిల్లలు కూడా ఏడుపు మానేసి నా నోట్లోకి చూస్తారు." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పమాకమ్మా. వెర్రోణ్ణనే అనుకోనీ."

ఇన్నాళ్లూ ఈయన్నా తను వెర్రిమాలోకమనుకున్నది! నజ్మీన్‌కు సిగ్గేసింది, ఆయన మీద బోలెడు ప్రేమా పుట్టుకొచ్చింది. ఆ వెనకే ఫిలిప్, ఆఖర్న ఇంటాయన కూడా వరస కట్టారు.

రెండు నెలలకు ఊరివాళ్ల వంతు వచ్చింది. అందరికంటే ముందు ముసలి సుబ్బరావమ్మ, కళ్లు గట్టిగా మూసుకుని గజగజా వణుకుతోంది. నజ్మీన్ ఊపిరి బిగబట్టి సూది దించింది.

"యా అల్లా! చచ్చానమ్మోయ్!"

సుబ్బరావమ్మ కళ్లు తెరిచింది. "ఏందమ్మాయ్, సూది నీకే గుచ్చుకుందా?"

పక్క బల్ల దగ్గర్నుంచి జక్రయ్య తల ఊపాడు. "పర్లేదు సిస్టరమ్మా. ఇంకాస్త కడుపులోంచి రావాలి."